కినబతాంగన్ కోతి, సిపదాన్ సొర

మొదటి రోజు: సాందకన్

బోర్నియో దీవి ఉత్తరపు కొసన మలేషియాకు చెందిన సబా రాష్ట్రం ఉంది. దాని తూర్పు తీరంలో ఉన్న సుఖం ఏంటంటే, పొడుగు ముక్కు ప్రొబోసిస్ కోతుల్ని తెల్లారే చూసుకుని రోడ్డెక్కితే, చీకటి పడేలోపు సొరచేపల దీవి సిపదాన్‌కి దగ్గరి రేవు చేరిపోవచ్చు. ఆ కోతి బోర్నియో అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మేం చూడాలనుకున్న వైట్‌టిప్ సొర మాత్రం ఎర్ర సముద్రం దగ్గర్నుంచి మధ్య అమెరికా తీరం దాకా పగడపు దిబ్బలున్న చోటల్లా బతుకుతుంది. ఒకదానికి ఒక్క దీవి, ఇంకోదానికి రెండు మహాసముద్రాలు. ఈ రెంటినీ ఒకే ప్రయాణంలో చూసి పక్కపక్కన పెట్టుకోవాలని నా సరదా.

నాతో వచ్చిన బావమరిదికి ఈ సరదా లేదు. అతను డైవింగ్ నేర్చుకున్నవాడు. "కోతుల్ని చూడ్డానికి విమానం ఎక్కాలా బావా? మీకోసం వస్తున్నా, సిపదాన్ దగ్గర మాత్రం నా మాట వినాలి" అని ముందే ఒప్పందం చేసుకున్నాడు.

కౌలాలంపూర్ నుంచి మూడు గంటల లోపే సాందకన్‌లో దిగాం. మధ్యాహ్నం లబుక్ బే వెళ్లాం. పామాయిల్ తోటల మధ్య మిగిలిన మడ అడవిలో ఒక ప్రైవేటు కేంద్రం అది. వేళ ప్రకారం చెక్క వేదిక మీద దోసకాయ ముక్కలూ, చక్కెర లేని రొట్టెలూ పెడితే చెట్ల మీంచి కోతులు దిగొస్తాయి. తిండి పెట్టి రప్పించడం నాకు అంత నచ్చదు. కానీ ఆ ముక్కును దగ్గర్నుంచి చూడాలంటే ఇదే చోటు. నది మీద పడవలోంచి చూస్తే అది ఆకుల మధ్య ఊగే ఒక గులాబీ రంగు ముద్దలాగానే ఉంటుంది.

ముక్కు మగదానికే పెద్దది. పది సెంటీమీటర్లు దాటి పెదవుల మీదికి వేలాడుతుంది. తినేటప్పుడు అడ్డం వస్తే చేత్తో పక్కకి తోసుకునే మగకోతిని కూడా చూశాం. ఆడవాటిది చిన్నగా, పైకి తిరిగి ఉంటుంది. మగది 20 కిలోల దాకా తూగుతుంది, ఆడది అందులో సగం. ఒంటి మీద ఇటుక రంగు బొచ్చు, బూడిద రంగు కాళ్లూ చేతులూ, తెల్లటి తోక, ముందుకు పొడుచుకొచ్చిన కుండ పొట్ట. పుట్టిన పిల్లల ముఖాలు ముదురు నీలంగా ఉండి, పెరిగేకొద్దీ రంగు మారతాయి.

"ఇంత ముక్కుందంటే వాసన ఎంత దూరం నుంచి పసిగడుతుందో!" అన్నాడు బావమరిది. అందరూ అలాగే అనుకుంటారు. ఆ ముక్కు పని వాసన చూడ్డం కాదు, గొప్ప చూపించుకోవడం. పెద్ద ముక్కున్న మగవాటికి ఒళ్లూ వృషణాలూ కూడా పెద్దవని, వాటి గుంపులో ఆడకోతులు ఎక్కువని, గొంతు మరింత బొంగురని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. అడవిలో ఆకుల మాటున మగది కనబడకపోయినా, బొంగురు గొంతు వింటే దాని సైజు ఆడవాటికి అర్థమవుతుందన్నమాట.

నేనిది చెబితే అతను నవ్వేశాడు. "అయితే ముక్కుతో చేసే అసలు పని మా సొరదే." ఆ మాట మాత్రం నిజం. సొర ముక్కు రంధ్రాలకు ఊపిరితో సంబంధమే లేదు, అవి గొంతులోకి తెరుచుకోవు. నీరు ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుంది, మధ్యలో వాసన చిక్కుతుంది. ఊపిరంతా మొప్పలదే. ఆ రోజు నుంచి కోతి గొప్పా, సొర గొప్పా అని మా ఇద్దరి మధ్యా పందెం మొదలైంది.

రెండో రోజు: సుకావ్

సాందకన్ నుంచి సుకావ్‌కి సుమారు 130 కిలోమీటర్లు. దారంతా పామాయిలే. ఎత్తు మీంచి చూసినా, వంపు తిరిగినా అవే చెట్లు. అడవి కోసం వచ్చినవాళ్లకి ఈ రెండు గంటలూ కాస్త విసుగే, అయినా కారులో పడుకోవద్దని చెబుతాను. నది దగ్గర కోతులు అన్నేసి ఎందుకు కనిపిస్తాయో ఈ తోటలు చూస్తేనే తెలుస్తుంది. వాటికి వెనక్కి వెళ్లడానికి చోటు లేదు.

దారిలో గొమాంతోంగ్ గుహల దగ్గర కాసేపు ఆగాం. తినడానికి వాడే పక్షి గూళ్ల కోసం పేము నిచ్చెనలు ఎక్కే చోటు అది. నేలంతా గబ్బిలాల రెట్ట, దాని మీద బొద్దింకలు. బావమరిది గుమ్మం దాటలేదు, నేనూ బలవంతం చేయలేదు.

సుకావ్ కినబతాంగన్ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 560 కిలోమీటర్ల ఈ నది పొడవులో మలేషియాలో రెండోది. దిగువ భాగంలో 2005లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది. సాయంత్రం నాలుగు గంటలకి చిన్న పడవలో బయల్దేరి మెనంగ్గుల్ అనే ఉపనదిలోకి తిరిగాం. ప్రొబోసిస్ కోతుల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది ఇక్కడే. పడవవాళ్లకి కూడా ఏ గుంపు ఏ వంపు దగ్గర ఉంటుందో నోటికి వచ్చు.

ఇంజన్ ఆపగానే కొమ్మ విరిగిన చప్పుడు, ఆ వెంటనే గొంతులోంచి లాగినట్టు "హోంక్" అన్న అరుపు. పైన ఒక మగది, చుట్టూ ఆడవి, పిల్లలు. పక్క చెట్టు మీద ఇంకో గుంపు, కొంచెం అవతల మూడోది. పగలు ఎవరి దారి వాళ్లది, సాయంత్రానికి మాత్రం నది ఒడ్డున దగ్గర దగ్గర చెట్లు ఎక్కుతాయి. గుంపుకి మగది ఒక్కటే. గుంపు లేని కుర్ర మగవి విడిగా ఒక జట్టు కట్టుకుని, అల్లరి చేసుకుంటూ, అవతలి గుంపుల్ని ఓరకంట చూస్తూ ఉంటాయి.

ఒడ్డునే ఎందుకు పడుకుంటాయి? దీనికి జవాబు చిరుతపులి కుటుంబానికే చెందిన క్లౌడెడ్ లెపర్డ్. చెట్లెక్కగల వేటగాడు. నీటి వైపు వాలిన కొమ్మ మీద పడుకుంటే ఒక పక్కనుంచి ఎవరూ రాలేరు. నది మీద తెరిపి ఉంటుంది కాబట్టి చూపు కూడా దూరం ఆనుతుంది. అవసరమైతే నీళ్లలోకి దూకేయొచ్చు. పొద్దున లేచి అడవిలోకి వెళ్లినా నదిని వదిలి దూరం పోవు, మహా అయితే కిలోమీటరు లోపే. సాయంత్రానికి మళ్లీ ఒడ్డుకే.

మనలాంటివాళ్లు ఈ కోతిని చూడగలగడానికి కారణం ఈ పడక అలవాటే. పడవ టికెట్టు కొనుక్కుని మనం చూసేది దాని రోజులో చివరి అరగంటని. తినడం, తిరగడం, దెబ్బలాడడం చాలా వరకు లోపల చీకటి అడవిలో అయిపోతాయి. ఈ మాట నాకు ఆ సాయంత్రం అంతగా తట్టలేదు, సిపదాన్‌లో తట్టింది.

మూడో రోజు: నది మీదే

తెల్లవారుజామున పొగమంచులో మళ్లీ పడవ. గుంపు ఇంకా చెట్టు మీదే ఉంది. ఆరున్నర దాటాక కదిలాయి. ఒక గుంపు అవతలి ఒడ్డుకి వెళ్లాలని చూస్తోంది. ఇరుకైన చోట చేరి, నీటికి వాలిన కొమ్మ మీద వరసగా నిలబడి, చాలాసేపు కిందకి చూశాయి. ముందు మగది దూకింది. పొట్ట ముందు నీటిని తాకి పెద్ద చప్పుడైంది. తర్వాత పిల్లలు పొట్టకి కరుచుకున్న తల్లులు. తలలు పైకెత్తి, కాళ్లు కొట్టుకుంటూ, ఒక్క చుక్క నీరు కూడా ఎగరకుండా అవతలికి ఈదేశాయి. వేళ్ల మధ్య కొంత పొర ఉండడం వల్ల ఈత బాగా వస్తుంది. నీళ్ల అడుగునుంచి కూడా కొంత దూరం ఈదగలవు.

వెడల్పైన చోట ఎందుకు దాటవో కాసేపటికే తెలిసింది. రెండు వంపుల అవతల బురద గట్టు మీద మొసలి. ఉప్పునీటి మొసళ్లు ఇక్కడ నదిలో బాగా ఉన్నాయి. చెట్టు మీద క్లౌడెడ్ లెపర్డ్, నీళ్లలో మొసలి, ఈ రెండు భయాల మధ్య గీత గీసి బతుకుతుంది ఈ కోతి. నీటి మీద తక్కువసేపు ఉండాలి, చెట్టు మీద నీటికి దగ్గరగా ఉండాలి.

బావమరిది మొదటిసారి ఆసక్తిగా కెమెరా తీశాడు. "ఈత వచ్చన్నమాట. ఒక మార్కు ఇస్తా" అన్నాడు.

పదకొండు తర్వాత ఎండ. తిన్న గుంపు మధ్యాహ్నమంతా కొమ్మల మీద చేరబడి ఉంది. సోమరితనం అనిపిస్తుంది కానీ లోపల పెద్ద కర్మాగారం నడుస్తోంది. ఇది కొండముచ్చు ఉపకుటుంబానికే చెందినది. ఆకులు, పచ్చి కాయలు, గింజలు దీని తిండి. పొట్ట ముందు భాగం గదులు గదులుగా ఉండి, అందులో సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి, ఆకులోని విషాల్ని కూడా విరగ్గొడతాయి. అందుకే ఆ కుండ పొట్ట. అందుకే పండిన తియ్యటి పళ్లు దీనికి పడవు. చక్కెర త్వరగా పులిసి గ్యాస్ నిండితే ప్రాణం మీదికొస్తుంది. లబుక్ బేలో చక్కెర లేని రొట్టె ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. తిన్నది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమలడం కూడా ఈ నది మీదే గమనించి 2011లో ప్రచురించారు. అప్పటిదాకా కోతుల్లో ఎవరూ ఎరుగని సంగతి అది. లెక్క చూస్తే ఈ జీవి పగటి వేళలో ముప్పావు వంతు విశ్రాంతిలోనే గడుపుతుందని తేలింది.

గదిలో ఫ్యాను కింద పడుకుని ఈ పొట్ట సంగతి చెబుతుంటే అతను లేచి కూర్చున్నాడు. "సొర పొట్టకీ గొప్ప ఉంది బావా. పేగు పొట్టిగా ఉంటుంది. లోపల మాత్రం చుట్టు మెట్లు ఉన్నట్టు మడత తిరుగుతూ ఉంటుంది. తిండి ఆ మెట్లన్నీ దిగాలి." నిజమే. ఆ సర్పిలాకారపు పేగు సొరలందరిదీ. పొట్టి గొట్టంలోనే ఎక్కువ ఉపరితలం, తిండి నెమ్మదిగా జారడం, రెండూ దక్కుతాయి. ఒకటి ఆకుని గంటల తరబడి పొట్టలో నానబెడుతుంది, ఇంకోటి దొరికిన మాంసాన్ని పేగులో సాగదీసి పిండుకుంటుంది. మా ఇద్దరి వాదనలో ఎవరూ గెలవని చోటు ఇదే. రెండూ తిండి దొరకడం కంటే అరగడం కష్టమని తెలుసుకుని తయారైన శరీరాలు.

సాయంత్రం మళ్లీ నదే. ఏనుగులు దొరకలేదు. హార్న్‌బిల్‌లు దొరికాయి. ఒకచోట నదికి అడ్డంగా కట్టిన తాడు వంతెన చూశాం. పెద్ద చెట్లు పోయి, కాలువలు వెడల్పైన చోట ఒరాంగుటాన్‌లు దాటడానికి స్థానికంగా పనిచేసే సంస్థ కట్టినవి, వాడేసిన ఫైర్ ఇంజన్ గొట్టాలతో కూడా కొన్ని చేశారట. నది పక్కన కనీసం 20 మీటర్ల అడవి వదిలిపెట్టాలని సబాలో 1998 జల వనరుల చట్టం చెబుతోంది. 20 మీటర్లంటే రెండు మూడు చెట్ల వెడల్పు. పడుకోవడానికి కొమ్మ దొరుకుతుందేమో గానీ, తినడానికి అడవి అంటే అది చాలదు. పామాయిల్ తోట నది దాకా వచ్చిన కొన్ని చోట్ల ఆ రెండు చెట్లు కూడా లేవు. అక్కడ సాయంత్రం ఒక్క కోతీ లేదు.

నాలుగో రోజు: రోడ్డు

సుకావ్ నుంచి లాహద్ దాతు మీదుగా సెంపోర్నా. దాదాపు ఐదు గంటలు, వర్షం, లారీలు, మళ్లీ పామాయిల్. చెప్పుకోవాల్సింది సెంపోర్నా చేపల మార్కెట్ గురించే. ట్యూనాలు, రీఫ్ చేపలు, రొయ్యల మధ్య మూర పొడవున్న చిన్న సొరలు కుప్పగా పడున్నాయి. బావమరిది మాట్లాడకుండా ముందుకెళ్లిపోయాడు.

ఇక్కడ తేడా సూటిగా కనిపిస్తుంది. ప్రొబోసిస్ కోతిని సబా 1997 వన్యప్రాణి చట్టం పూర్తిగా కాపాడుతుంది. చంపితే జైలు. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్‌లోనూ మొదటి పట్టికలో ఉంది, అంటే వ్యాపారం దాదాపు నిషేధం. వైట్‌టిప్ సొర కుటుంబం మొత్తం సైటిస్ రెండో పట్టికకి వచ్చింది 2022 చివర్లో, పనామా సమావేశంలో. అది ఎగుమతిని నియంత్రిస్తుంది గానీ ఇక్కడి మార్కెట్లో కుప్పకి అడ్డం కాదు. కోతి ముఖం మనిషి ముఖానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మనకి జాలి వేస్తుందన్నది నా అభిప్రాయం. సొర ముఖంలో మనం చూసేది మన భయమే.

ఐదో రోజు: మాబుల్

పడవలో ముక్కాలు గంట. మాబుల్ చిన్న దీవి. ఒకవైపు రిసార్టులు, ఇంకోవైపు నీటి మీద కర్రల ఇళ్లు. సముద్రం మీదే బతికే బజావ్ లావుత్ తెగ కుటుంబాల్లో చాలామందికి ఏ దేశపు పౌరసత్వమూ లేదు, పిల్లలు పడవల మధ్యే పెరుగుతున్నారు. ఇది వేరే కథనానికి తగిన విషయం.

నాకు డైవింగ్ రాదు, మాస్కు పెట్టుకుని పైనుంచి చూడ్డమే. రోజంతా దాని ప్రాక్టీసు చేశాను. తూర్పు సబా సముద్రంలో చీకటి పడ్డాక పడవలు తిరగకూడదని 2014లో కర్ఫ్యూ పెట్టారు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఉండే ఆ కర్ఫ్యూ ఏళ్ల తరబడి కొనసాగింది. 2000 ఏప్రిల్‌లో సిపదాన్ మీద సాయుధులు దాడి చేసి పర్యాటకుల్ని ఎత్తుకుపోయిన సంఘటన తర్వాత ఈ ప్రాంతానికి భద్రత పెద్ద విషయమైంది.

ఆరో రోజు: సిపదాన్

సముద్రపు అడుగు నుంచి 600 మీటర్ల పైకి లేచిన పాత అగ్నిపర్వతం, దాని నెత్తిన పెరిగిన పగడం. అదే సిపదాన్. ఒడ్డు మీంచి చూస్తే కొబ్బరి చెట్లున్న మామూలు దీవి. ఇండోనేషియా, మలేషియా రెండూ నాదంటే నాదని వాదించుకుంటే, 2002 డిసెంబర్ 17న అంతర్జాతీయ న్యాయస్థానం 16-1 తీర్పుతో మలేషియాకి ఇచ్చింది. తీర్పులో నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ఇక్కడ తాబేలు గుడ్లు ఏరుకోవడాన్ని నియంత్రించిన పాత పాలన రికార్డులే ప్రధాన సాక్ష్యాల్లో ఒకటి. దేశాల సరిహద్దుని తాబేళ్లు నిలబెట్టాయి. 2004 చివరికల్లా దీవి మీది రిసార్టుల్ని ఖాళీ చేయించారు. ఇప్పుడు రాత్రి ఉండడానికి వీల్లేదు, రోజుకు ఇంతమందే అని పర్మిట్లు. రేంజర్ల దగ్గర సంతకం పెట్టి దిగాలి. డైవింగ్ చేసేవాళ్లకి అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ కూడా అడుగుతున్నారు. బావమరిది దగ్గర ఉంది.

ఒడ్డు నుంచి కొన్ని అడుగులు ఈదితే చాలు, పగడపు నేల ఒక్కసారిగా తెగిపోతుంది. కింద అడుగు లేని నీలం. గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఎంత చదివి వెళ్లినా ఈ అంచు దగ్గర ఎవరికైనా కొంచెం టెన్షన్ వస్తుంది. ఆ అంచుకి ఇటువైపు, నాకు ఆరేడు మీటర్ల కింద ఇసుక గుంట. అందులో బూడిద రంగులో ఒక పొడుగాటి ఆకారం పడుకుని ఉంది. వీపు రెక్క కొస తెల్లగా. తోక పై కొస తెల్లగా. వైట్‌టిప్ సొర.

కదలట్లేదు. బతికే ఉందా అని చూస్తే నోరు కొద్దిగా తెరుచుకుని మూసుకుంటోంది, మొప్పల చీలికలు ఆడుతున్నాయి. సొర ఈదడం ఆపితే ఊపిరాడక చస్తుందని చాలామంది నమ్ముతారు. కొన్ని జాతులకి అది నిజం, నోరు తెరుచుకుని ముందుకు ఈదితేనే మొప్పల మీదుగా నీరు పారుతుంది. వైట్‌టిప్ మాత్రం నోటి కండరాలతో నీటిని తనే లోపలికి లాగి మొప్పల గుండా తోస్తుంది. అందుకే నేల మీద, గుహల్లో గంటల తరబడి పడుకోగలదు. ముక్కు పక్కన గొట్టంలా చుట్టుకున్న చర్మపు మడతలు పైనుంచి కూడా కనిపించాయి. లబుక్ బేలో చూసిన ముక్కు గుర్తుకొచ్చి మాస్కులో నవ్వొచ్చింది. అక్కడ ముక్కంతా ప్రదర్శన, ఇక్కడ వేలెడంత మడతల్లో వేట మొత్తం ఉంది. ఈ జీవి ముట్టె చుట్టూ చిన్న రంధ్రాల్లో విద్యుత్తుని పసిగట్టే అవయవాలు కూడా ఉంటాయి. ఇసుకలో దాక్కున్న చేప కండరం ఆడితే దానికి తెలుస్తుంది.

ఇది పెద్ద సొర కాదు. ఎక్కువ భాగం ఒకటిన్నర మీటర్లు దాటవు. మనుషుల్ని చూసి అదేమీ పట్టించుకోలేదు. ఈటెతో చేపలు వేటాడేవాళ్ల దగ్గరకి వాసన పట్టి వచ్చి, ఎప్పుడైనా కరవడం తప్ప మనిషికి ఇవి ప్రమాదం కావు.

బావమరిది డైవ్ ముగించుకుని పైకొచ్చాడు. ఇక్కడ వైట్‌టిప్ అవెన్యూ అనే డైవింగ్ చోటు కూడా ఉంది. సౌత్ పాయింట్ దగ్గర లోతులో గ్రే రీఫ్ సొరలు ఎడతెగకుండా తిరుగుతుంటే, ఒక గుహ గుమ్మంలో నాలుగు వైట్‌టిప్‌లు ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయట. "ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకున్నాయి బావా. పోట్లాట లేదు." అదీ నిజమే. ఇవి చోటు కోసం కొట్లాడవు, నచ్చిన గుహకి నెలల తరబడి తిరిగొస్తాయి.

జెట్టీ మీద కూర్చుని ఎండలో ఆరుతుండగా నేను వెతుకుతున్న పోలిక దొరికింది. ఈ సొర వేటాడేది రాత్రి. చీకట్లో సన్నటి ఒంటిని పగుళ్లలోకి దూర్చి, నిద్రపోతున్న చేపల్నీ ఆక్టోపస్‌నీ ఈల్‌నీ పీకి తింటుంది. దాని చర్మం గట్టిదీ, కళ్ల పైన గట్టు లేచినదీ అందుకే. నీటి మధ్యలో స్వేచ్ఛగా ఈదే చేపని పట్టడంలో దీనికంత నేర్పు లేదు. దీని నైపుణ్యమంతా చీకట్లో, చీలికల్లో. మేం చూసింది ఆ ఆటని కాదు. రాత్రికి అందరూ దీవి ఖాళీ చేయాలి కాబట్టి ఇక్కడికొచ్చే ఎవరూ చూడరు. కోతి దగ్గరా అదే జరిగింది. పగలు తిరిగే జంతువుని సాయంత్రం పడుకోబోయేటప్పుడు చూశాం, రాత్రి తిరిగే జంతువుని పగలు పడుకున్నప్పుడు చూశాం. మనకి కనబడేది రెండింటి పడకగదులే. కోతికి అది ఒడ్డున వాలిన కొమ్మ, సొరకి ఇసుక గుంట, గుహ. దాన్ని తీసేస్తే జంతువు కళ్ల ముందు నుంచి పోతుంది, తర్వాత లోకంలోంచే పోతుంది.

తిరుగు పడవలో ఈ మాటే అన్నాను. అతను ఒప్పుకోలేదు. "మీ కోతికి కొమ్మ పోతే ఇంకో చోటు లేదు. మా సొర ఇంకో దిబ్బకి ఈదిపోతుంది." నిజంగా ఈదిపోతుందా? వైట్‌టిప్‌లు ఉన్న చోటే ఉండేవి. చాలావాటి తిరుగుడు కొన్ని కిలోమీటర్ల లోపే. మధ్యలో లోతు నీరుంటే దాటడానికి ఇష్టపడవు. రెండు మహాసముద్రాల్లో ఉందన్న మాట మ్యాపుకి సరిపోతుంది, ఒక్కో జంతువు చూసుకుంటే దానికున్నది ఒక దిబ్బే.

ఏడో రోజు: సెంపోర్నా

డైవింగ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవడానికి. తవావ్ విమానాశ్రయం గంటన్నర దూరంలోనే ఉన్నా ఇంకో రాత్రి ఆగాల్సి వచ్చింది. హోటల్ బాల్కనీలో టీ తాగుతూ పందెం కొనసాగించాం.

చివరికి పిల్లల దగ్గర ఆగింది వాదన. ప్రొబోసిస్ తల్లి ఐదున్నర నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది, ఏడాది దాకా వెంటేసుకుని తిరుగుతుంది. గుంపులో మిగతా ఆడవి కూడా ఆ పిల్లని ఎత్తుకుంటాయి. వైట్‌టిప్ తల్లి గుడ్లు పెట్టదు. కడుపులో పిల్లలకి మావి లాంటి ముడి ద్వారా ఆహారం అందిస్తుంది. చేపల్లో ఈ ఏర్పాటు అరుదు. కనేది ఒకటి నుంచి ఆరు దాకా, ఎక్కువసార్లు రెండు మూడే. పుట్టినప్పుడే అర మీటరు పైన ఉంటాయి. పుట్టాక తల్లి చూడదు. ఆ పిల్లలు తాము కనడానికి ఎనిమిదేళ్ల దాకా పడుతుంది. సొరల వంశం 40 కోట్ల ఏళ్లకు పైబడినది, కోతులది 4 కోట్లకు అటూ ఇటూ. రెండింటికీ వేరే వేరే దారుల్లో కుదిరిన పద్ధతి ఒక్కటే, తక్కువమందిని కని బాగా తయారు చేసి పంపడం. మార్కెట్లో మూర పొడవు సొరల కుప్ప ఎందుకు అంత చెడ్డగా అనిపించిందో అతనికి ఇప్పుడు లెక్క దొరికింది. సబాలో ప్రొబోసిస్ కోతులు మొత్తం ఆరు వేల దగ్గర ఉంటాయని 2000 దశకంలో చేసిన గణన తేల్చింది. సంఖ్యలో తక్కువ కోతి, లెక్కపెట్టకుండానే తరిగిపోతున్నది సొర. వైట్‌టిప్ ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ పట్టికలో ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) వర్గంలోకి చేరింది. ప్రొబోసిస్ కోతి అంతకంటే ఒక మెట్టు పైన, అంతరించే ప్రమాదం ఉన్న వర్గంలో ఎప్పట్నుంచో ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. సిపదాన్ పర్మిట్ రిసార్టు ద్వారా నెలల ముందే ఖాయం చేసుకోండి, అది దొరికాకే మిగతా తేదీలు పెట్టుకోండి. నది దగ్గర కనీసం రెండు సాయంత్రాలు ఉంచుకోండి, వర్షం వస్తే ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది. డైవింగ్ రాకపోయినా పర్వాలేదు, మాస్కు పెట్టుకున్నవాళ్లకీ అంచు దగ్గర వైట్‌టిప్ కనబడుతుంది. డైవ్ చేసేవాళ్లు నదిని ముందు, సముద్రాన్ని తర్వాత పెట్టుకుని, ఆ 18 గంటల్ని లెక్కలో వేసుకుని విమానం బుక్ చేసుకోండి.